నొప్పి లేదు కదా

1998 వేసవి. మా పిన్ని పెరటి వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుని కొత్త చింతపండుకి గింజ తీస్తోంది. పక్కన కూర్చుని నేను ఈనెలు ఏరుతున్నాను. పైట జారితే సర్దుకోబోయి, నేను చూశానని గమనించి ఆగింది. జాకెట్టు మీద ఎడమవైపు రూపాయి బిళ్ళంత మరక. చింతపండు మరక కాదది.

"ఏంటి పిన్నీ అది?"

"ఏం లేదులే. నువ్వు ఈనెలు సరిగ్గా తియ్యి."

ఆ "ఏం లేదు" వెనక పద్నాలుగు నెలలు ఉన్నాయని ఆ రాత్రి తెలిసింది. మొదట స్నానం చేస్తుంటే చేతికి కందిగింజంత తగిలిందట. సంక్రాంతికి రేగుపండంత అయింది. తర్వాత చనుమొన లోపలికి పోయింది. మా అమ్మ ఏడుస్తూనే కేకలేసింది. "ఇన్నాళ్ళూ నాకైనా చెప్పకపోతివి కదే!" పిన్ని మా అమ్మ వైపు ఎంత వింతగా చూసిందంటే, ఇంత తెలివైన అక్క ఇంత తెలివితక్కువ ప్రశ్న వేసిందేమిటి అన్నట్టు. "నొప్పి లేదు కదక్కా" అంది.

చుట్టాలందరూ తర్వాత ఒకే మాట అన్నారు. సిగ్గుపడి దాచుకుందని. నేనూ చాలా ఏళ్ళు అదే అనుకున్నాను, ఇప్పుడు అనుకోవడం లేదు. మా పిన్ని అంత సిగ్గరి కాదు. ముగ్గురు పిల్లలకి వాకిట్లో అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుతూనే పాలిచ్చిన మనిషి. పన్ను నొప్పి వస్తే మధ్యాహ్నం ఎండలో గుంటూరు బస్సెక్కిన మనిషి. ఆవిడ ఒక లెక్క ప్రకారం నడిచింది. నొప్పి పుడితే జబ్బు, పుట్టకపోతే కాదు. పన్నుకి, కడుపుకి, మోకాలికి, చెవికి ఆ లెక్క చాలావరకు సరిపోతుంది. రొమ్ము దగ్గరకొచ్చేసరికే అది తలకిందులవుతుంది. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. ఇరవై రెండేళ్ళకి డిగ్రీ పూర్తి చేసిన నాకు కూడా ఎవరూ చెప్పలేదు.

కాబట్టి "ఆడవాళ్ళు సిగ్గు వదలాలి" అని ప్రతి అక్టోబరులో, రొమ్ము క్యాన్సర్ నెలంటూ, గులాబీ రిబ్బను కట్టుకుని చెప్పే ఉపన్యాసం నాకు సగమే నచ్చుతుంది. సిగ్గు వదిలేసినా, చెప్పాల్సిన సంగతేదో తెలియకపోతే ఏం చెబుతారు?

మన భాషలోనే ఒక చిక్కుంది. "గడ్డ" అనే ఒక్క మాటలో మనం ఎన్ని పెట్టేశామో చూడండి. చీము పట్టి సలిపేది సెగ్గడ్డ. వీపు మీద మెత్తగా, ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయేది కొవ్వుగడ్డ. బాలింతకి పాలు గడ్డకడతాయి. ఉల్లిగడ్డ, మంచుగడ్డ సరేసరి. డాక్టరు కూడా చివరికి "గడ్డ ఉందమ్మా" అనే అంటాడు. ఇన్ని గడ్డల్లో మనకి బాగా పరిచయమున్నది, మనం భయపడేది సెగ్గడ్డకే. ఎందుకంటే అది నిద్ర పోనివ్వదు. నొప్పి లేని గడ్డ అనగానే నాలుక మీదికి తనంతట తానే వచ్చే మాట "కొవ్వుగడ్డేలే". మా పిన్ని తనకి తాను చెప్పుకున్నది కూడా అదే. పాతతరం వాళ్ళకి క్యాన్సర్‌కి రాచపుండు అనే మాట ఉండేది, కానీ పుండు కావడం చివరి సంగతి. మొదట్లో అది ఏమిటో చెప్పే మాట లేదు.

మాటల సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్కటి. "చంటిబిడ్డ"లో చంటి ఎక్కడిదనుకున్నారు? చన్ను నుంచి వచ్చింది. చన్ను తాగే బిడ్డ చంటిబిడ్డ. వీధికొక చంటిగాడు ఉంటాడు, పెళ్ళిపత్రికలో కూడా ఆ ముద్దుపేరు వేస్తారు, ఆ పేరు పుట్టిన మాటని మాత్రం ఇంట్లో ఎవరం పలకం. మగవాడు రొమ్ము విరుచుకుని నిలబడితే అది పౌరుషం. ఆడది రొమ్ము అంటే తలలు పక్కకి తిరుగుతాయి. "అక్కడ", "ఛాతీలో", "గుండెల దగ్గర" అని చెప్పి, గుండె డాక్టరు దగ్గరికి పంపించేసిన వాళ్ళని కూడా నేను చూశాను.

రొమ్ము గురించి నేను తెలుసుకున్నదంతా పిన్ని పోయాకే, ముప్పై దాటాకే. పదో తరగతిలో గుండె బొమ్మ వేసి నాలుగు గదులు గుర్తించాను, కన్ను బొమ్మ, మూత్రపిండం బొమ్మ వేశాను. రొమ్ము బొమ్మ చూసిన గుర్తే లేదు.

అందులో ఉన్నదేమిటో తెలియాలంటే ముందు పాతకాలపు దూదిపరుపుని తలుచుకోండి. దూది ఒకచోటికి పోగవ్వకుండా పరుపు కుట్టేవాడు పైనుంచి కిందికి లావుపాటి దారం లాగి ముడేస్తాడు. రొమ్ములోనూ చర్మం నుంచి లోపలి పొరదాకా అలాంటి పీచుదారాలు ఉంటాయి. వాటికి ఇంగ్లండు సర్జన్ ఆస్ట్లీ కూపర్ పేరు పెట్టారు. 1840లో ఆయన రొమ్ము నిర్మాణం మీద పుస్తకం వేశాడు. ఆ దారాల మధ్య కొవ్వు. కొవ్వులో 15 నుంచి 20 దాకా తమ్మెలు, బత్తాయి తొనల్లా చనుమొన చుట్టూ సర్దుకుని ఉంటాయి. ఒక్కో తమ్మెలో ద్రాక్షగుత్తుల్లాంటి పాలగ్రంథులు. వాటి నుంచి సన్నటి నాళాలు చనుమొన దగ్గరికి చేరతాయి. రొమ్ములో కండ లేదు. కండ దాని అడుగున, ఛాతీది. అందుకే ఏ వ్యాయామంతోనూ, ఏ నూనెతోనూ రొమ్ము బిగుసుకోదు, టీవీలో ఎవరు ఏం అమ్మినా సరే.

రొమ్ము రెండో పక్కటెముక నుంచి ఆరో పక్కటెముక దాకా పరుచుకుని ఉంటుంది. అక్కడితో ఆగదు, ఒక తోక చంకలోకి పోతుంది. రొమ్ములోని శోషరసం, అంటే లింఫ్ అనే ద్రవం, నాలుగింట మూడొంతులు చంకలోని బిళ్ళలకే చేరుతుంది. డాక్టరు రొమ్ము చూపించమంటే చంక ఎందుకు తడుముతారో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఇదీ కారణం, క్యాన్సర్ ముందు పాకేది ఎక్కువగా ఆ దారినే. పైభాగాన బయటివైపు, అంటే చంక వైపు, పాలగ్రంథుల కణజాలం ఎక్కువ. మామూలు రొమ్ము కూడా అక్కడ బియ్యపు సంచి మీద చెయ్యి వేసినట్టు గరుగ్గా, చిన్నచిన్న ఉండల్లా తగులుతుంది. క్యాన్సర్లలో దాదాపు సగం పుట్టేదీ ఆ పావుభాగంలోనే. ఇది తెలియని మనిషి మొదటిసారి తడుముకుంటే రెండే జరుగుతాయి. అంతా గడ్డలే అనుకుని హడలిపోతుంది, లేకపోతే "ఇది ఎప్పుడూ ఇంతే కాబోలు" అని వదిలేస్తుంది.

ఆ పరుపు దారాల్లో ఏ ఒక్కటి బిగిసినా పైన గుంట పడుతుంది. లోపల పెరిగే క్యాన్సర్ చేసే పని అదే. దారాన్ని పట్టి లాగుతుంది, చర్మం లోపలికి సొట్టబోతుంది. చనుమొన వెనక నాళాల్ని లాగితే చనుమొన లోపలికి పోతుంది. ఇందులో ఎక్కడా నొప్పి అవసరం లేదు. చీముగడ్డ నొప్పి పెట్టేది లోపల వాపు, ఒత్తిడి తొందరగా పెరిగిపోవడం వల్ల. క్యాన్సర్‌కి తొందర లేదు. చాలావాటికి చేతికి తగిలేంత సైజు రావడానికే ఏళ్ళు పడుతుంది. పక్కింట్లో అద్దెకి దిగినవాడు చప్పుడు చెయ్యకుండా గోడ తవ్వుకుంటూ వచ్చినట్టు వస్తుంది.

ఇప్పుడు దీనికి ఎదురు కథ. 2016లో మా అమ్మాయికి పదేళ్ళు. స్కూల్ బ్యాగు వేసుకుంటూ "అమ్మా, ఇక్కడ తగిలితే నొప్పేస్తోంది" అని కుడివైపు చూపించింది. చనుమొన కింద గట్టిగా, గుండీ అంత గడ్డ. ఎడమవైపు ఏమీ లేదు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పిన్ని జాకెట్టు కళ్ళ ముందుకొచ్చింది. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి పర్మిషన్ పెట్టి పిల్లల డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

ఆవిడ ఒక్క నిమిషం చూసి నవ్వింది. "మొగ్గ తొడిగిందమ్మా. పెద్దదవుతోంది మీ పిల్ల."

"ఒకవైపే ఉంది మేడం."

"రెండూ ఒకే రోజు మొదలుపెట్టాలని వాటికి రూలేమీ లేదు."

ఎనిమిది నుంచి పదమూడేళ్ళ మధ్య ఎప్పుడైనా ఇలా మొదలవుతుందనీ, చాలామందికి ఒకవైపే ముందు వస్తుందనీ, రెండోది కొన్ని నెలలకి వస్తుందనీ, ముట్టుకుంటే నొప్పి ఉంటుందనీ చెప్పింది. మరో రెండు రెండున్నరేళ్ళకి పెద్దమనిషి అవుతుందని లెక్క కట్టింది. ఎనిమిదేళ్ళలోపే మొదలైతే మాత్రం చూపించాలంది. ఇంకో మాట చెప్పింది, అది మాత్రం గట్టిగా. "కంగారుపడి ఎక్కడైనా దీన్ని గడ్డ అని కోయించేరు. ఈ మొగ్గలోనే రేపటి రొమ్మంతా ఉంది. ఇది తీసేస్తే ఆ వైపు ఇక ఎదగదు."

నొప్పి ఉన్న గడ్డకి నేను ఆ సాయంత్రమే పరుగెత్తాను. అది జబ్బే కాదు. నొప్పి లేని గడ్డతో పిన్ని పద్నాలుగు నెలలు వంట చేసింది. మా ఇంట్లో రెండు తరాలు ఒకే తప్పు లెక్కని అటు ఒకరూ ఇటు ఒకరూ చేశాం.

రొమ్ము మొదలయ్యేది పదేళ్ళకి అనుకుంటాం కానీ, తల్లి కడుపులో ఆరో వారం నాటికే పిండానికి చంక నుంచి గజ్జ దాకా రెండువైపులా ఒక పాలగీత ఏర్పడుతుంది. తర్వాత ఛాతీ దగ్గరిది తప్ప మిగిలిందంతా చెరిగిపోతుంది. ఎక్కడైనా కాస్త మిగిలిపోతే అదే కొందరికి కడుపు మీద పుట్టుమచ్చలా కనిపించే చిన్న చనుమొన, లేదా బాలింతగా ఉన్నప్పుడు చంకలో ఉబ్బే ముద్ద. పుట్టిన బిడ్డకి, ఆడైనా మగైనా, తల్లి హార్మోన్ల వల్ల రొమ్ములు కాస్త ఉబ్బి, చుక్క పాలు కూడా రావచ్చు. మన ఇళ్ళల్లో నీళ్ళు పోసే ముసలమ్మలు ఆ పాలు పిండేస్తారు. పిండకపోతే పెద్దయ్యాక ఏదో అవుతుందట. నిజంగా అయ్యేది పిండితేనే. చర్మం మీది సూక్ష్మజీవులు లోపలికి పోయి, వారం తిరక్కుండా చీము పట్టి, పసిగుడ్డుకి కోత పెట్టించాల్సి రావచ్చు. ముట్టుకోకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది.

మగపిల్లల సంగతి ఎవరూ మాట్లాడరు. మా అన్నయ్య కొడుకు తొమ్మిదో తరగతిలో మండువేసవిలో కూడా చొక్కా కింద రెండు బనియన్లు వేసుకుని తిరిగాడు. ఆటల పీరియడ్ వస్తే కడుపునొప్పి. వాళ్ళమ్మ అది బద్ధకం అనుకుంది. వాడికి వచ్చింది యుక్తవయసులో సగానికి పైగా మగపిల్లలకి ఎంతో కొంత వచ్చేదే. హార్మోన్ల తూకం కుదురుకునే లోపు రొమ్ము కణజాలం కాస్త పెరుగుతుంది. చాలామందికి ఒకటి రెండేళ్ళలో తగ్గిపోతుంది. ఆ ఒక్క ముక్క వాడికి ముందే చెప్పి ఉంటే రెండు వేసవులు కలిసొచ్చేవి. మగవాళ్ళకి రొమ్ము క్యాన్సర్ కూడా వస్తుంది, నూటికి ఒక్కటి మగవాళ్ళదే. వాళ్ళూ ఆలస్యంగానే వస్తారు.

ఇక నొప్పులు. నెలసరికి వారం ముందు రెండు రొమ్ములూ బరువెక్కి, సలిపి, చెయ్యి తగిలితే ప్రాణం పోయినట్టుండి, రుతుస్రావం మొదలవగానే తగ్గిపోవడం చాలామందికి ఉన్నదే. గడ్డ ఏదీ లేకుండా ఒట్టి నొప్పి మాత్రమే ఉంటే అది క్యాన్సర్ కావడం చాలా అరుదు. కానీ స్కానింగ్ సెంటర్ల ముందు టెన్షన్‌తో కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది ఈ నొప్పి బాపతే.

బాలింతరాలి నొప్పి వేరే. మా అమ్మాయి పుట్టిన మూడో వారం నాకు ఎడమవైపు ఎర్రగా కందిపోయి, 102 జ్వరం వచ్చింది. మా అత్తగారు "పాలు చెడ్డాయి, బిడ్డకి పట్టకు" అన్నారు. డాక్టరేమో "పట్టడం ఆపితేనే చెడుతుంది, ఆ వైపు కూడా ఖాళీ అవ్వాలి" అని యాంటీబయాటిక్ రాశారు. డాక్టరు మాట విన్నాను కాబట్టి చీము దాకా పోలేదు. పాలు ఆగిపోవాలంటే మల్లెపూలు కట్టాలని మా అమ్మమ్మ చెప్పేది. బిడ్డ దక్కని తల్లులకి మల్లెదండలు గుండెలకి చుట్టి కట్టేవారట. మూఢనమ్మకం అనుకున్నాను. 1988లో వెల్లూరు డాక్టర్లు మల్లెపూలని పాలు ఆపే మాత్రతో పోల్చి చూసి, మల్లెపూలూ పనిచేశాయని రాశారు. అమ్మమ్మకి ఒక మార్కు వేశాను. అదే అమ్మమ్మ ముర్రుపాలు పిండి పారబొయ్యమంది, దానికి రెండు మార్కులు కోసేశాను. గేదె ఈనితే జున్నుపాల కోసం వీధి చివరిదాకా చెంబు పట్టుకెళ్ళేవాళ్ళం, మనిషి ముర్రుపాల దగ్గర మాత్రం అపవిత్రం గుర్తొస్తుంది.

గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. ఇది ఊరట కోసం చెప్పే మాట కాదు, లెక్క. పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ళ మధ్య ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఎడినోమా. చింతపండు నానబెట్టి పిసుకుతుంటే వేళ్ళ కింద గింజ ఎలా జారిపోతుందో అలా జారుతుంది. పట్టుకుందామంటే దొరకదు. గుండ్రంగా, నున్నగా, నొప్పి లేకుండా. నలభై అటూ ఇటూ వయసులో నీటితిత్తులు ఎక్కువ. అవి ఉన్నట్టుండి వస్తాయి, కొన్ని నొప్పెడతాయి, సూదితో నీరు లాగేస్తే చప్పబడిపోతాయి. చనుమొన నుంచి రెండువైపులా పాలలాంటి ద్రవం వస్తుంటే చాలాసార్లు థైరాయిడో, వేసుకుంటున్న ఏదో మాత్రో కారణం. ఒకే వైపు, ఒకే రంధ్రం నుంచి, పిండకుండానే నెత్తురు వస్తే ఆగకూడదు. అది కూడా ఎక్కువసార్లు నాళంలో మొలిచిన పులిపిరిలాంటి చిన్న పెరుగుదలే అవుతుంది, కానీ అది మనం ఇంట్లో తేల్చే సంగతి కాదు. చనుమొన మీద తామరలా వచ్చి మందు రాసినా మానకపోతే, చర్మం నారింజ తొక్కలా గుంటలు పడితే, అప్పుడూ అంతే. రొమ్మంతా ఎర్రబడి వాచే ఒక రకం క్యాన్సర్ ఉంది, అది చూడ్డానికి పాలజ్వరంలానే ఉంటుంది. అందుకని నొప్పి ఉంటే క్యాన్సర్ కాదని కూడా నేననను. నొప్పి ఏ వైపుకీ సాక్ష్యం చెప్పదు అంటున్నాను. పాలిచ్చే తల్లి కాకపోయినా ఎర్రబడి, మందులకి తగ్గకపోతే మళ్ళీ వెళ్ళాలి.

మూడేళ్ళ కిందట నా వంతు వచ్చింది. నలభై ఆరేళ్ళకి రొమ్ము ఎక్స్‌రేకి, అంటే మామోగ్రామ్‌కి వెళ్ళాను. పొద్దున్నే స్నానం చేసి అలవాటుగా పౌడర్ అద్దుకుని వెళ్తే, అక్కడి అమ్మాయి తడి దూది ఇచ్చి "చంకల్లో తుడిచేయండి ఆంటీ, పౌడర్ రేణువులు సున్నం చుక్కల్లా పడతాయి ఫిల్ములో" అంది. రెండు పలకల మధ్య పెట్టి అప్పడాల ప్రెస్సులా నొక్కుతారు. ఊపిరి బిగపట్టమంటారు. అయిదారు సెకన్లు కళ్ళ వెంట నీళ్ళు తిరిగాయి, అంతే. అసలు బాధ సాయంత్రం రిపోర్ట్ చేతికొచ్చాక మొదలైంది. చివర "బైరాడ్స్ 3" అని ఉంది. నేను మూడో స్టేజ్ అనుకున్నాను. ఆ రాత్రి మా ఆయనకి చెప్పకుండా బాత్‌రూమ్‌లో కూర్చుని ఫోన్ చూస్తూ ఏడ్చాను.

అది స్టేజ్ కాదు. ఫోటోలో కనిపించినదాని మీద అనుమానం ఎంత అన్నదానికి వేసే అంకె. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఉన్నది నిరపాయం, 3 అంటే దాదాపు నిరపాయమే, క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు లోపే, ఆరు నెలలకి మళ్ళీ చూద్దాం. 4, 5 అంటే సూది పెట్టి ముక్క తీసి చూడాలి. 0 అంటే సున్నా అనుమానం కాదు, ఇంకో ఫోటో కావాలని. ఇంత చిన్న సంగతి రిపోర్ట్ కిందే తెలుగులో రెండు లైన్లు వేస్తే ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని రాత్రులు మిగులుతాయో! ఎవరూ వెయ్యరు. రిపోర్ట్ డాక్టరు కోసం కదా అంటారు. కవరు విప్పి ముందు చదివేది మేమే.

సూది అంటే ఇంకో భయం. "సూది గుచ్చితే పాకుతుంది" అని మా పిన్నికి ఆర్‌ఎంపీ డాక్టరు నుంచి పూల దుకాణం ఆవిడ దాకా అందరూ చెప్పారు. గుచ్చడం వల్ల పాకదు. గుచ్చకుండా నెలలు గడిపితే పాకుతుంది. చేత్తో చూడటం, ఫోటో తీయడం, సూదితో ముక్క తీసి పరీక్షించడం, ఈ మూడూ కలిస్తేనే ఫలానా అని చెప్పగలరు. సూది పరీక్ష లేకుండా నేరుగా కోసి తీసేద్దాం అనేవాళ్ళ దగ్గర మాత్రం కాస్త ఆగి, ఇంకొకరికి చూపించుకోండి. ఇది నా అభిప్రాయం, ఎవరికైనా కోపం వస్తే రానీండి.

పిన్నికి హైదరాబాదులో రొమ్ము మొత్తం తీసేశారు. అప్పటికే జబ్బు చంకలో బిళ్ళలకి పాకింది. నూటపాతికేళ్ళ కిందట అమెరికాలో హాల్‌స్టెడ్ అనే సర్జన్ రొమ్ముతో పాటు అడుగున ఉన్న ఛాతీ కండల్ని కూడా తీసేసేవాడు. ఎంత ఎక్కువ కోస్తే అంత మేలు అనేది దశాబ్దాల పాటు వేదం. గడ్డ వరకు తీసి రేడియేషన్ ఇస్తే తొలిదశలో ప్రాణానికి తేడా ఏమీ లేదని అమెరికాలో ఫిషర్, ఇటలీలో వెరోనేసి అనే సర్జన్లు ఇరవయ్యేళ్ళ పరిశీలన తర్వాత 2002లో తేల్చి చెప్పారు. ఆ వెసులుబాటు ముందే వచ్చినవాళ్ళకి. పద్నాలుగు నెలల తర్వాత వచ్చినవాళ్ళకి దారులు తక్కువ. "ఎటూ మొత్తం తీసేస్తారు కదా" అని భయపడి ఆలస్యం చేసేవాళ్ళకి, ఆ ఆలస్యమే మొత్తం తీయిస్తుందని ఎవరు చెప్పాలి?

ఆపరేషన్ తర్వాత కీమో. సెలైన్ స్టాండ్ పక్కన అట్ట మీద మూడు మందుల పేర్లు రాసి ఉండేవి. వాటిలో మధ్యది మెథోట్రెక్సేట్. ఆ మందు అమెరికాలో లెడర్లీ ల్యాబులో తయారైంది, ఆ పరిశోధనల్ని నడిపించినవాడు 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందుకి మరో రెండు కలిపి రొమ్ము క్యాన్సర్‌కి ఇస్తే ఫలితం ఉంటుందని 1976లో ఇటలీ డాక్టర్ బోనడోన్నా చూపించాడు. ఇదంతా నాకు తర్వాతెప్పుడో తెలిసింది. పిన్నికి తెలిసుంటే "మనూళ్ళ వైపువాడే!" అని వార్డంతా చెప్పుకుని వచ్చేది. వైద్యానికి అరెకరం అమ్మారు. ఆరోగ్యశ్రీ వచ్చింది 2007లో. పిన్ని 2003లోనే పోయింది.

"ముగ్గురికి పాలిచ్చిందే, దానికెలా వచ్చింది?" అని ఇప్పటికీ అడుగుతారు. పాలివ్వడం రక్షణే. 30 దేశాల అధ్యయనాలు కలిపి చూసి, పన్నెండు నెలలు పాలిస్తే ముప్పు 4.3 శాతం తగ్గుతుందని 2002లో లెక్క కట్టారు. తగ్గుతుంది అంతే, పోదు. "మా వంశంలో ఎవరికీ లేదు" అనేదీ అలాంటిదే. వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి అయిదు నుంచి పది. మిగతావాళ్ళలో ఎక్కువమంది తమ ఇంట్లో మొదటివాళ్ళు. వంశం లెక్క చూసేటప్పుడు కూడా అమ్మ వైపే చూస్తాం. ఆ జన్యువు నాన్న వైపు నుంచి కూడా సరిసమానంగా వస్తుంది. మేనత్తలకి ఏం జబ్బు చేసిందో కూడా అడగాలి.

"ఇవన్నీ రాస్తే ఆడవాళ్ళు రోజూ తడుముకుంటూ కూర్చుంటారు" అని ఒక స్నేహితురాలు దెప్పింది. ఆవిడ మాటలో నిజముంది. చైనాలో షాంఘై బట్టల మిల్లుల్లో 2,66,064 మంది ఆడవాళ్ళ మీద ప్రయోగం చేశారు. సగం మందికి సొంతంగా రొమ్ము పరీక్ష చేసుకోవడం పద్ధతిగా నేర్పారు. పదేళ్ళ తర్వాత, 2002లో, ఫలితం చూస్తే రెండు గుంపుల్లోనూ మరణాలు ఒకటే. నేర్చుకున్నవాళ్ళకి అనవసరపు సూదిపోట్లు ఎక్కువయ్యాయి, అంతే తేడా. అందుకే నెలనెలా ఫలానా రోజు వృత్తాకారంలో మూడు వేళ్ళతో అంటూ వ్రతంలా చేయమని నేను చెప్పను.

కానీ ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళు ఇంకో పని చేశారు. 1998లోనే, మా పిన్ని చింతపండు తీస్తున్న ఏడాదే, మొదలుపెట్టారు. 35 నుంచి 64 ఏళ్ళ మధ్య 1,51,538 మంది ఆడవాళ్ళు. సగం మందికి శిక్షణ పొందిన ఆడ ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో పరీక్ష చేశారు. మెషీన్ లేదు, ఫిల్ము లేదు. 2021లో ఇరవయ్యేళ్ళ ఫలితం అచ్చైంది. ముదిరిన దశలో దొరికేవి 47 శాతం నుంచి 37కి తగ్గాయి. యాభై దాటినవాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అందరినీ కలిపి చూస్తే తగ్గుదల 15 శాతమే, అది కాకతాళీయం కాదని గట్టిగా చెప్పలేనంత. యాభై లోపువాళ్ళకి లాభం కనిపించలేదు. అది కూడా చెప్పాలి కదా.

ఈ పని మనకి కాగితం మీద ఉంది. ముప్పై నుంచి అరవై అయిదేళ్ళ ఆడవాళ్ళకి అయిదేళ్ళకోసారి ఊళ్ళోనే చేత్తో పరీక్ష చెయ్యాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. మా ఊరి ఏఎన్ఎం అమ్మాయిని అడిగాను. "అడిగితే చేస్తాం మేడం, ఎవరూ అడగరు" అంది. అడగరు సరే, నొప్పి లేకపోతే ఎవరు అడుగుతారు? 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడినవాళ్ళు దాదాపు 1,92,000, పోయినవాళ్ళు 98,000. ఈ రెండు అంకెలు అంత దగ్గరగా ఉండడానికి మందులు లేకపోవడం ఒక్కటే కారణం కాదు.

నేను మా ఇంట్లో పెట్టిన లెక్క చిన్నది. కొత్తగా ఏదైనా కనిపించినా, తగిలినా, ఒక నెలసరి గడిచేదాకా చూడు. అప్పటికీ ఉంటే చూపించు. నెలసరి ఆగిపోయినవాళ్ళు, చనుమొన నుంచి నెత్తురు వచ్చినవాళ్ళు అదీ ఆగొద్దు. నొప్పి ఉందా లేదా అనే ప్రశ్న మా ఇంట్లో రొమ్ము విషయంలో రద్దు.

పోయిన నవంబరులో రాత్రి పదకొండింటికి హాస్టల్ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. పందొమ్మిదేళ్ళు ఇప్పుడు.

"అమ్మా, కుడివైపు గడ్డలా తగులుతోంది. జారిపోతోంది. నొప్పి లేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నిన్న స్నానం చేస్తుంటే చూశా. నిన్ననే చేద్దామనుకున్నా, నువ్వు పడుకుని ఉంటావని చెయ్యలేదు."

ఒక నెల చూడమని నేనే పెట్టిన లెక్క నాకే గుర్తు రాలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. స్కానింగ్‌లో 18 మిల్లీమీటర్లు, ఫైబ్రోఎడినోమా అన్నారు, సూది పెట్టి చూసి అదేనన్నారు, ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు. తిరిగొస్తూ బస్టాండులో టీ తాగుతుంటే అంది, "అమ్మా, నువ్వు చెప్పింది నిజమే, అచ్చం చింతగింజే. నేను హాస్టల్లో ముగ్గురికి పట్టి చూపించా."

"ముగ్గురికా?"

"అందులో ఒకమ్మాయి తనకీ ఉందంది. ఎనిమిది నెలల నుంచి. నొప్పి లేదు కదా అని ఎవరికీ చెప్పలేదంట. రేపు తీసుకొస్తా, నువ్వు ఇంకో రోజు ఉంటావా?"

ఆఫీసుకి ఫోన్ చేసి సెలవు పొడిగించాను.